జపాన్‌లో మేమిద్దరం: టోక్యో, క్యోటో, నారా, హిరోషిమా, మధ్యలో దారి తప్పిన ఒక ఊరు

గోదారిగట్టు:
ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా. నవంబర్ రెండో సగంలో నేనూ మా ఆవిడా జపాన్ వెళ్ళొచ్చాం. నాకు 59, తనకి 54. గ్రూపు లేదు, గైడ్ లేడు, పిల్లలు కూడా వెంట లేరు. టోక్యోలో నాలుగు రాత్రులు, క్యోటోలో నాలుగు, హిరోషిమాలో రెండు, ఒసాకాలో చివరి రాత్రి. టోక్యోలో దిగి ఒసాకా నుంచి తిరుగు విమానం ఎక్కాం, అలా చేస్తే మళ్ళీ వెనక్కి రావాల్సిన పని ఉండదు. ఇద్దరికీ అన్నీ కలిపి నాలుగు లక్షల ఇరవై వేలు దాటింది, అందులో విమానం టికెట్లే లక్షా ముప్పై. రోజుకి తక్కువలో తక్కువ పద్దెనిమిది వేల అడుగులు నడిచాం. ఇది ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టొద్దు.

కొత్తకాపురం:
బాబాయి గారూ, ఏప్రిల్‌లో మేమిద్దరం వెళ్దామనుకుంటున్నాం. ఆ ఏడు రోజుల రైలు పాస్ తీసుకున్నారా? మా ఆఫీసులో అందరూ అది లేకపోతే జపాన్ వెళ్ళడం దండగ అంటున్నారు.

నిషికసాయి_నివాసి:
మీ ఆఫీసువాళ్ళు 2023కి ముందు వెళ్ళొచ్చి ఉంటారు. ఆ ఏడాది అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెంచేశారు. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ రైలు ఒకవైపు దాదాపు 14,000. ఇంకెన్ని ఊళ్ళు తిరిగితే యాభై వేలు గిట్టుబాటవుతుందో మీరే లెక్కేసుకోండి. పైగా అన్నింటికంటే వేగంగా వెళ్ళే నొజోమి ఎక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా కట్టాలి. టోక్యో నుంచి క్యోటో వైపు వెళ్తుంటే 'ఈ' సీటు అడగండి, కుడివైపు కిటికీ, ఫుజి కొండ అటే కనిపిస్తుంది. ఆ రోజు మబ్బు లేకపోతేనే లెండి. నేను పదకొండేళ్ళుగా ఇక్కడున్నా, ఆ దారిలో వెళ్ళిన ప్రతిసారీ కనిపించిందని చెప్పలేను.

గోదారిగట్టు:
సరిగ్గా చెప్పారు. మా ఇద్దరికీ పెద్ద రైళ్ళన్నీ కలిపి డెబ్బై వేల యెన్‌ల చిల్లర అయింది, పాస్‌లు కొంటే లక్ష అయ్యేది. ఫుజి మాకు కనిపించింది. ఆ రెండు నిమిషాలూ నేను నిద్రపోయాను. ఆవిడ లేపలేదు.

సన్నజాజి:
లేపాను. "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నారు.

ఓరుగల్లు_పోరడు:
అమ్మా మీరు కూడా ఈ థ్రెడ్‌లోనే ఉన్నారా, ఇక అన్న పని అయిపోయింది.

గోదారిగట్టు:
టోక్యో సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే నాకది అంత ఎక్కలేదు. షిబుయా కూడలిలో సిగ్నల్ పడగానే నాలుగు వైపుల నుంచీ జనం దాటడం చూశాం, అది రెండుసార్లు చూస్తే చాలు. కోఠి చూసినవాడికి జనం కొత్త కాదు, ఒకరినొకరు తగలకుండా దాటడం మాత్రం కొత్త. స్కైట్రీ అనే టవరు 634 మీటర్లు, పైకి ఎక్కలేదు, కింద నుంచే దండం పెట్టాం. అసకుసలో సెన్సోజీ గుడికి పొద్దున్నే ఆరున్నరకి వెళ్ళాం, కొట్లు తెరవలేదు, ఆ పెద్ద ఎర్ర లాంతరు కింద మేమూ, కుక్కని తిప్పుకుంటున్న ఒక ముసలాయనా, అంతే. సుమిదా నదిలో వల వేసిన ఇద్దరు అన్నదమ్ములకి దొరికిన విగ్రహం కోసం కట్టిన గుడి అని స్థలపురాణం, 628వ సంవత్సరం మాట. మన దగ్గర నదిలోనో పుట్టలోనో దేవుడు దొరికిన కథలు ఎన్ని లేవు? అదే పదిన్నరకి వెళ్ళి ఉంటే బ్రహ్మోత్సవంలా ఉండేది.

మెయిజి మందిరం చుట్టూ ఉన్న అడవి మాత్రం నాకు బాగా నచ్చింది. 1920లో మందిరం కట్టినప్పుడు దేశం నలుమూలల నుంచీ జనం పంపిన లక్ష చెట్లు నాటి పెంచిన అడవి అది. ఊరి నడిమధ్య, రైల్వే స్టేషన్ పక్కనే. రాలిన ఆకుల్ని ఊడ్చి తీసుకెళ్ళి మళ్ళీ చెట్ల మొదట్లోనే పోస్తున్నారు.

సన్నజాజి:
ఉఎనో పార్కు సంగతి ఈయన రాయలేదు. అక్కడ షినొబజు చెరువు మధ్య దీవిలో చిన్న గుడి ఉంది, బెంజైతెన్ అనే అమ్మవారిది. ఆవిడ మన సరస్వతే. మన దేశం నుంచి చైనా మీదుగా వెళ్ళిన దేవత, వీణ స్థానంలో బివా అనే వాద్యం. నది దేవత కాబట్టి గుడి చుట్టూ నీళ్ళుంటాయట. మా పెద్దవాడికి బాసరలో అక్షరాభ్యాసం చేయించాం, గోదావరి గుర్తొచ్చి అక్కడ అరగంట కూర్చున్నాను. ఈయన ఆ అరగంటా సాక్సులు మార్చుకోవడానికి చోటు వెతికారు.

దీనికో హెచ్చరిక, కొత్తకాపురం గారూ. అక్కడ గుళ్ళలో, కొన్ని హోటళ్ళలో చెప్పులు విప్పాలి, ఆ సంగతి మనకి అలవాటే. కాని అందరూ సాక్సులతో నడుస్తారు. బొటనవేలు బయటికొచ్చిన సాక్సులతో వెళ్ళారో మీ పరువు మీ ఇష్టం.

ఓరుగల్లు_పోరడు:
ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. ఇంత డబ్బు పెట్టి జపాన్ పోయి గుళ్ళు చూసుడేంది? రోబోలు, రైళ్ళు, గేముల బజార్లున్న అకిహబర, అవన్నీ ఇడిసిపెట్టి? గుళ్ళు మన దగ్గర లేవా?

గోదారిగట్టు:
నేనూ వెళ్ళేముందు సరిగ్గా ఇదే మాట అన్నాను తమ్ముడూ. క్యోటోకి నాలుగు రాత్రులా, రెండు చాలు అని గొడవ పెట్టుకున్నా. ఇప్పుడు అడిగితే టోక్యోలో ఒకటి తగ్గించి క్యోటోకి ఐదు ఇస్తాను. ఎందుకో చెప్పాలంటే నా తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి.

రెండో రోజు ఫుషిమి ఇనారి అనే గుడికి వెళ్దామని క్యోటో స్టేషన్‌లో నారా లైను రైలెక్కాం, ఇనారి స్టేషన్ ఐదు నిమిషాలు. రైలు బయల్దేరింది, ఇనారి వచ్చింది, ఆగలేదు. నేను ఎక్కింది కైసోకు, అంటే మన ఫాస్ట్ ప్యాసింజర్ లాంటిది, చిన్న స్టేషన్లలో ఆగదు. ఫుత్సూ అని రాసి ఉన్నది ఎక్కాలి, అదే అన్నిచోట్లా ఆగేది. "స్పీడుగా పోతుంది, ఇదెక్కుదాం" అన్నది నేనే. తీరా ఉజి అనే ఊళ్ళో దిగాం. ఆవిడ ఏమీ అనలేదు, పర్సులోంచి పది యెన్‌ల నాణెం తీసి నా చేతిలో పెట్టింది. దాని మీద ఉన్న గుడి ఆ ఊళ్ళోనే ఉంది! బ్యోదోయిన్, 1053లో కట్టింది, చెరువు ఒడ్డున రెక్కలు చాచిన పక్షిలా ఉంటుంది. నీళ్ళలో నీడ పడుతుంటే నాణెం పట్టుకుని ఒక కన్ను మూసి సరిచూసుకున్నాం. మేపుల్ ఆకులు ఎర్రగా కాలిపోతున్నాయి. ఆ ఊరు గ్రీన్ టీకి పేరు, వీధంతా ఆ వాసనే. మధ్యాహ్నం మూడింటిదాకా అక్కడే ఉండిపోయాం, మా లిస్టులో ఆ ఊరు పేరే లేదు.

తిరుగు రైల్లో ఫుత్సూ ఎక్కి ఇనారిలో దిగేసరికి చీకటి పడుతోంది. నవంబర్లో ఐదింటికల్లా చీకటే, చాలా గుళ్ళు నాలుగున్నరకో ఐదుకో మూసేస్తారు, ఇదొక్కటి రాత్రంతా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. కొండ పొడుగునా వేల ఎర్ర తోరణాలు, వరసగా, కొన్నిచోట్ల వేలు దూరనంత దగ్గరగా. వెళ్ళేటప్పుడు ఏమీ కనిపించదు, దిగేటప్పుడు చూస్తే ప్రతి స్తంభం వెనక నల్లటి అక్షరాలు. అవి ఏ మంత్రాలో అనుకున్నా. దాతల పేర్లట! కంపెనీలు, కొట్లవాళ్ళు ఇచ్చినవి. మన గుళ్ళో ట్యూబులైటు మీద వెలుగు కనపడకుండా దాత పేరు రాయించినట్టు. అప్పుడు నాకు ఆ దేశం కొంచెం దగ్గరైంది.

చరిత్రపిచ్చి:
తోరణం అన్న మాట భలే వాడారు. వాళ్ళు దాన్ని తొరీ అంటారు. మన తోరణం నుంచే వచ్చిందని కొందరంటారు, అది తేలిన విషయం కాదు. కాని తేలినవి చాలా ఉన్నాయి. జపనీస్ అక్షరమాల వరస చూడండి: అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? బౌద్ధ భిక్షువులు సంస్కృతం చదువుకున్న ఫలితం అది. శ్మశానాల్లో సమాధుల వెనక నిలబెట్టే పొడవాటి చెక్కల మీద ఇప్పటికీ 'సిద్ధం' అనే పాత సంస్కృత లిపిలో అక్షరాలు రాస్తారు.

క్యోటోలో సంజూసంగెన్‌దో చూశారా?

సన్నజాజి:
చూశామండీ. నా మటుకు నాకు మొత్తం ప్రయాణంలో అదే. 120 మీటర్ల పొడవు హాలు, 1266లో తిరిగి కట్టినది, లోపల 1001 కన్నన్ విగ్రహాలు, మధ్యలో పెద్దది కూర్చుని, అటు ఐదొందలు ఇటు ఐదొందలు నిలబడి. కన్నన్ అంటే అవలోకితేశ్వరుడు. ఆ బంగారు వరసల ముందు 28 మంది రక్షక దేవతలు నిలబడి ఉంటారు. ఇంద్రుడు, బ్రహ్మ, కుబేరుడు. నాగరాజు. ఈకల రెక్కలతో వేణువు ఊదుతున్న గరుత్మంతుడు! నేల ఐసులా చల్లగా ఉంది, ఫొటో తీయనివ్వరు, అందుకే ఎవరూ తొందర పడకుండా నడుస్తున్నారు. నేను ఒక్కొక్కరి దగ్గరా ఆగి పేరు పోల్చుకుంటుంటే పక్కనున్న ఒకావిడ నా చీర చూసి, విగ్రహం చూసి, నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఏమనుకుందో!

ఇంకొకటి. స్టేషన్ దగ్గరే హిగాషి హొంగాంజీ అనే పెద్ద గుడి ఉంది, టికెట్ కూడా లేదు, అయినా ఎక్కువమంది కింకాకుజీ అనే బంగారు మందిరం వైపు పరిగెత్తుతారు. మంటల్లో పోయిన ఆ గుడిని 19వ శతాబ్దం చివర్లో మళ్ళీ కడుతున్నప్పుడు దూలాలు లాగడానికి గట్టి తాళ్ళు దొరకలేదట, ఆడవాళ్ళు జుట్టు కత్తిరించి ఇస్తే దాంతో మోకులు పేనారు. ఒక మోకు ఇప్పటికీ అద్దాల పెట్టెలో చుట్టచుట్టి ఉంది, 69 మీటర్లు. మధ్యమధ్య తెల్ల వెంట్రుకలు కనిపిస్తాయి. తిరుమలలో నేను రెండుసార్లు తలనీలాలిచ్చాను. ఆ మోకు ముందు నిలబడితే నాకు నోట మాట రాలేదు, ఈయన కూడా మొదటిసారి టైము చూసుకోలేదు.

చరిత్రపిచ్చి:
అమ్మా, ఆ గుడికి మనతో ఇంకో చుట్టరికం ఉంది. అది జోదో షిన్‌షూ అనే బౌద్ధ సంప్రదాయానిది. వాళ్ళు కొలిచే ఏడుగురు పూర్వాచార్యుల్లో మొదటివాడు ర్యూజు, అంటే మన ఆచార్య నాగార్జునుడు. ఆయన జీవితంలో ఏది చరిత్ర, ఏది కథ అన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, శాతవాహనులతో, కృష్ణా తీరంతో ముడిపెట్టే సంప్రదాయం మాత్రం పాతదే. అక్కడి భక్తులు రోజూ చదివే ప్రార్థనలో ఆయన పేరు ఉంటుంది.

ఇక నారా. తోదాయిజీ పెద్ద బుద్ధుడికి 752లో కళ్ళు దిద్దింది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు, 736లో జపాన్ చేరాడు. కుంచెకి పొడుగాటి దారాలు కట్టి, ఆ దారాల చివర్లు సభలో ఉన్నవాళ్ళు పట్టుకున్నారు, అంటే అందరూ కలిసి కళ్ళు తెరిపించినట్టు. మన ప్రతిష్ఠల్లో నేత్రోన్మీలనం ఉంటుందే, అదే.

గోదారిగట్టు:
ఇది ముందే తెలిసుంటే బాగుండేది సార్. నారాలో నాకు గుర్తున్నది పదిహేను మీటర్ల బుద్ధుడు, నా జేబులోని మ్యాప్ నమిలేసిన జింక. బిస్కెట్ చూపిస్తే తల వంచి దండం పెడతాయి, ఇవ్వడం ఆలస్యమైతే వెనక నుంచి పొడుస్తాయి.

బ్యాగుసర్దు:
అన్నీ బాగున్నాయి కాని అరవైకి దగ్గరపడ్డవాళ్ళకి ఈ రైళ్ళు మారడాలూ, నడకలూ అవసరమా? మేం గ్రూపులో వెళ్ళాం. హోటల్ ముందు బస్సు, మధ్యాహ్నం పప్పన్నం, ఏ టెన్షనూ లేదు. ఏడు రోజుల్లో అన్నీ చూపించారు.

పప్పుచారు:
అన్నీ చూపించారు, నిజమే. నేనూ ఒక గ్రూపులో వెళ్ళాను, ఎవరిదో చెప్పను. బంగారు మందిరం దగ్గర నలభై నిమిషాలు అన్నారు, అందులో పాతిక పార్కింగ్ నుంచి నడకకి, టాయిలెట్ క్యూకి. పొద్దున ఆరుకి సూట్‌కేస్ గది బయట పెట్టాలి. పప్పన్నం మాత్రం రోజూ పెట్టారు, ఐదో రోజుకి ఆ ముద్దపప్పు చూస్తేనే బెంగగా ఉండేది. మా అమ్మకి మోకాళ్ళు, ఆమెకి మాత్రం బస్సు వల్ల సుఖమే, అది ఒప్పుకుంటా.

నిషికసాయి_నివాసి:
మోకాళ్ళ నొప్పులుంటే క్యోటోలో కియోమిజు గుడి, ఫుషిమి ఇనారి కష్టం, రెండూ ఎక్కుడే. మిగతాచోట్ల స్టేషన్లలో లిఫ్టులుంటాయి, దాన్ని వెతకడమే ఇంకో అరకిలోమీటరు. సూట్‌కేసులకి మాత్రం గ్రూపు అక్కర్లేదు, తక్యూబిన్ అని కొరియర్ ఉంది, హోటల్లో ఇస్తే మామూలుగా మర్నాటికి తర్వాతి ఊరి హోటల్లో ఉంటుంది. టోక్యో–క్యోటో బుల్లెట్ రైల్లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే దాన్ని పెట్టుకునే చోటున్న సీటు ముందే బుక్ చేయాలి, మనవాళ్ళ పెద్ద పెట్టెలు కొన్ని దాటుతాయి.

కొత్తకాపురం:
తిండి సంగతి చెప్పండి ఆంటీ, మా ఆవిడ శాకాహారి. గుడ్డు కూడా ముట్టదు.

సన్నజాజి:
నేనూ అంతే. కూరగాయలే కదా అని ఏదీ నమ్మొద్దు, దాషి అని ఎండు చేపతో కాచిన రసం అన్నిట్లో ఉంటుంది, మీసో సూపులో, ఉదోన్ నూడుల్స్‌లో, తోఫూ మీద పోసే పులుసులో కూడా. కూర పొడి ముద్దల్లో గొడ్డు కొవ్వు ఉండొచ్చు. "మాంసం వద్దు" అంటే చేప పెడతారు, వాళ్ళ లెక్కలో అది వేరు. దాషి వద్దని జపనీస్‌లో రాయించుకుని ఫోన్లో పెట్టుకున్నాను, అదే కాపాడింది. క్యోటోలో షోజిన్ ర్యోరి అని బౌద్ధ మఠాల భోజనం దొరుకుతుంది, మాంసం, చేప లేకుండా, ఉల్లి వెల్లుల్లి కూడా లేకుండా, మన ఏకాదశి వంటలా. ఖరీదే, ఒక్కసారి తిన్నాం. మిగతా రోజుల్లో ఉమెబోషి పెట్టిన అన్నం ముద్దలు. ఉప్పులో ఊరవేసిన పుల్లటి పండు అది, కారం లేని ఊరగాయ అనుకోండి. నేను గదిలో కందిపొడి కలుపుకుని తిన్నాను, ఎవరికీ చెప్పకండి.

పొడులు పట్టుకెళ్ళండి. పచ్చి కరివేపాకు, పళ్ళు మాత్రం వద్దు, పట్టుకుంటారు. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉందేమో చూసుకోండి, పదిశాతం దాటితే అక్కడ నిషేధం.

గోదారిగట్టు:
ఇక హిరోషిమా. సెలవుకి వెళ్ళి ఏడుపు ఎందుకని నేను వద్దన్నాను. ఆవిడ వినలేదు.

అణుబాంబు మ్యూజియం టికెట్ 200 యెన్‌లు. 1945 ఆగస్టు 6, ఉదయం 8:15కి ఆగిపోయిన గడియారం ఉంటుందని తెలుసు, దానికి సిద్ధపడే వెళ్ళాను. సిద్ధపడనిది టిఫిన్ బాక్సు. బడి పిల్లాడిది, లోపల అన్నం బొగ్గయిపోయి అలాగే ఉంది. వాళ్ళమ్మకి పిల్లాడి శవంతోపాటే దొరికింది. మా ఆవిడ ఇరవై ఏళ్ళు రోజూ క్యారేజీ కట్టిన మనిషి. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం, ఎదురుగా నది, అవతల బాంబు తర్వాత మిగిలిన ఆ డోము భవనం, కప్పు పోయి ఇనప చట్రం మాత్రం. గంటసేపు ఏం మాట్లాడుకోలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంతసేపు మాట్లాడకుండా, కోపం లేకుండా కూర్చోవడం గుర్తులేదు.

బ్యాగుసర్దు:
ఇదే నేను చెప్పేది. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ఇవన్నీ ఎందుకండీ?

కొత్తకాపురం:
మా ఆవిడ పక్కనుంచి చదివి వెళ్దామంటోంది.

నిషికసాయి_నివాసి:
అక్కడ వీధుల్లో తిరిగే ట్రాములు గమనించండి. బాంబు పడ్డ మూడు రోజులకే కొంత మేర మళ్ళీ నడిపారు. ఆనాటి పెట్టెలు ఒకటి రెండు ఇప్పటికీ పట్టాల మీద ఉన్నాయి. హిరోషిమా వెళ్ళినవాళ్ళు మర్నాడు మియాజిమా అనే దీవి పెట్టుకోవాలి, పడవ పది నిమిషాలే.

సన్నజాజి:
పెట్టుకున్నామండీ. నీళ్ళలో నిలబడిన ఎర్ర తోరణం, 16 మీటర్ల పైనే, ఇప్పుడున్నది 1875 నాటిది. పాతిపెట్టలేదట, తన బరువుకే నిలబడింది. ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళ్ళండి, మేం పోటులో చూశాం, నాలుగు గంటలాగితే నీళ్ళు తీసేసి దాని కాళ్ళదాకా నడిచి వెళ్ళాం, స్తంభాలకి నత్తగుల్లలు అంటుకుని ఉన్నాయి. అక్కడ మేపుల్ ఆకు ఆకారంలో ఒక తీపి చేస్తారు, లోపల ఎర్ర చిక్కుడు గింజల పూర్ణం, బొబ్బట్టులాగే ఉంటుంది. పిండిలో గుడ్డు కలుపుతారని తిన్నాక తెలిసింది. ఆ ఒక్కటీ లెక్కలో వేసుకోలేదు.

ఓరుగల్లు_పోరడు:
అకిహబర పోలేదన్న మాట. సరే అన్నా, ఒసాకా?

గోదారిగట్టు:
ఒసాకాలో రాత్రి దొతొన్‌బోరి కాలవ పక్కన నడిచాం. నియాన్ బోర్డులు, ఆక్టోపస్ ఉండలు, కేకలు, నవ్వులు. టోక్యోలో ఎస్కలేటర్ మీద ఎడమకి నిలబడడం నేర్చుకున్నా, ఇక్కడ కుడికి నిలబడాలట, నా వెనక క్యూ ఆగింది. మా విజయవాడ గుర్తొచ్చిన ఊరు ఇదొక్కటే.

కొత్తకాపురం:
థాంక్స్ బాబాయి గారూ, ఆంటీ. టోక్యో మూడు, క్యోటో ఐదు, హిరోషిమా రెండు అని రాసుకున్నాం. ఉజి కూడా కలిపాం, ఈసారి కావాలనే. ఒక్కటే సందేహం, ఏప్రిల్లో చలి ఉంటుందా?

సన్నజాజి:
పొద్దున్నా రాత్రీ ఉంటుందమ్మా, ఒక స్వెట్టర్ చాలు. సాక్సులు మాత్రం ఇద్దరికీ డజను.